జాగ్వారుకి బూడితి మొహం

నాలుగంగుళాల బొమ్మకారు కోసం నరసింగరావు విజయనగరం నుంచి శ్రీకాకుళానికి ఆరుసార్లు బస్సెక్కాడు. ఆరుసార్లూ ఒకే అద్దాల బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ బొమ్మని వేలితో తాకే యోగం మాత్రం ఒక్కసారీ పట్టలేదు. సింహాచలం అప్పన్న నిజరూపమైనా ఏడాదికొకసారి కళ్ళబడుతుంది, ఈ కంపౌండరు బొమ్మ మాత్రం ఏడేడు జన్మలకీ చేతికి వచ్చేలా లేదని దారి పొడుగునా తిట్టుకునేవాడు.

నరసింగరావుది గంటస్తంభం వెనక సందులో మోటారు షెడ్డు. యాభై దాటిన మనిషి. ఇంజను గొంతు విని దాని జబ్బేమిటో చెప్పగలడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఉండదు. ఎవరైనా ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే మూడోసారి అడిగే ధైర్యం లేకుండా చేసేవాడు. అలాంటివాడికి ఒకే చలికాలంలో ఇద్దరు ముసలివాళ్ళతో పని పడింది. అదీ తన తప్పువల్లే పడింది. ఆ సంగతి తనకి తెలుసు కనక కోపం రెండింతలయింది.

ఆ తప్పేమిటంటే, రాయివలస దివాణం వారి జాగ్వారు కారు ముక్కు పచ్చడి చెయ్యడం.

అది ఆషామాషీ కారు కాదు. ఎక్స్.కె. నూట ఇరవై. పైకప్పు లేదు, సీట్లు రెండే, బానెట్టు మాత్రం బారెడు పొడుగు. గంటకి నూట ఇరవై మైళ్ళు పోగలనని పేరులోనే చెప్పుకునే పందెం బండి. టీతోటల దొర ఒకడు స్వదేశం పోతూ కలకత్తాలో అమ్మేస్తే, దివాణం పెద్దబ్బాయి గణపతిరావు కొని తెచ్చాడు. మద్రాసు పక్కన షోలవరంలో, పాత విమానాల మైదానం మీద జరిగే పందాల్లో ఆరేళ్ళు పరిగెత్తించాడు. రెండు కప్పులు తెచ్చాడు. తరవాత పెళ్ళీ, మద్రాసులో వ్యాపారం, పొట్టా వరసగా వచ్చాయి. స్టీరింగుకీ పొట్టకీ మధ్య చోటు చాలక పందాలు మానేశాడు.

ఆ ఆరేళ్ళూ కారుకి మెకానిక్కు నరసింగరావు. ఆ ఆరేళ్ళూ ట్రాకు పక్కన ఎండలో నిలబడి స్టాప్‌వాచీ పట్టుకున్నది గణపతిరావు చెల్లెలు పద్మకుమారి. కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది, ముప్ఫై దగ్గర పడింది, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని ఎత్తనట్టే పంపించేస్తుంది. పదిహేనో ఏట ఆవిడకి స్టీరింగు పట్టడం నేర్పింది నరసింగరావే. అన్నగారి కంటే తను బాగా నడుపుతుందని అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు. తెలిసీ ఆరేళ్ళు గడియారమే పట్టుకుంది.

ఆ ఏడు వానాకాలంలో గణపతిరావు కారు అమ్మేస్తానన్నాడు. కలకత్తాలో పాత పందెం కార్లు పోగుచేసే ఒక దొరబాబు అడిగాడట. పద్మకుమారి వద్దనలేదు. "ఫిబ్రవరిలో షోలవరంలో ఒక్క పందెం నన్ను తోలనీ అన్నయ్యా. తర్వాత నీ ఇష్టం" అంది. ఆడమనిషి దరఖాస్తు ఎలాగూ తిరిగొస్తుందని అన్నగారు సరేనన్నాడు. అది తిరిగి రాలేదు. పందెం ఆదివారం, కారు అప్పగింత మర్నాడు సోమవారం అని ఖాయమయింది. అంటే ఆవిడకి ఆ కారుతో దక్కేది ఒకే ఒక్క రోజు.

ఆ రోజుకే ఎసరు పెట్టాడు నరసింగరావు. దీపావళి వెళ్ళిన వారం కారు బాగుచేసి, ట్రయలు చూస్తానని గజపతినగరం రోడ్డు మీదికి తీశాడు. ట్రయలుకి నలభై మైళ్ళు చాలు. ముల్లు ఎనభై దాటేదాకా తొక్కాడు. మేక అడ్డం రాలేదు, గేదె అడ్డం రాలేదు. మలుపు దగ్గర కల్వర్టు గోడ మాత్రం ఎప్పటినుంచి ఉందో అక్కడే ఉంది. ఇంజను దక్కింది, చట్రం దక్కింది, బ్రేకు వెయ్యబట్టి ప్రాణమూ దక్కింది. ముందు మొహమంతా నలిపేసిన కాగితంలా అయింది.

ఆ సాయంత్రమే వెళ్ళి పద్మకుమారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "సరదా పడ్డాను అమ్మాయిగారూ" అన్నాడు. ఆవిడ "నీకేం తగల్లేదు కదా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాడు. తిట్టలేదు కనక ఆ రాత్రి నుంచి అతనికి అన్నం సయించలేదు. ఎలాగైనా ఫిబ్రవరికి ఆ ముక్కు లేపి నిలబెట్టి తీరాలనుకున్నాడు.

ఇంగ్లండునుంచి సామాను తెప్పించడానికి పర్మిట్లు లేని రోజులు. అసలా మోడలే కంపెనీ మానేసి చాలా ఏళ్ళయిందని బొంబాయి నుంచి జవాబొచ్చింది. కొత్తది కొట్టించాలంటే ఆకారం తెలియాలి. ఇంట్లో కారు ఫోటో ఒకటే ఉంది. అందులో కీర్తిశేషులైన పెద్దదొరగారు సరిగ్గా ముక్కుకి అడ్డంగా, పంచె కుచ్చెళ్ళు పరుచుకుని నిలబడి ఉన్నారు. "ఇంత మైదానం ఉండగా ఆయనకి అక్కడే నిలబడాలా!" అని నరసింగరావు చచ్చినాయన్ని కూడా వదలకుండా విసుక్కున్నాడు.

అప్పుడు పద్మకుమారికి సుందరరావు గుర్తొచ్చాడు. శ్రీకాకుళంలో మిషను ఆస్పత్రి కంపౌండరుగా చేసి రిటైరయినాయన. తండ్రికి జబ్బు చేసినప్పుడు ఇంటికొచ్చి సూదులు వేసేవాడు. కెనడా వెళ్ళిపోయిన డాక్టరమ్మ ఏటా క్రిస్మస్‌కి ఆయనకొక బొమ్మకారు పంపేది. అలా ముప్ఫై దాకా పోగయ్యాయి. అందులో ఈ జాగ్వారూ ఉంది.

సుందరరావు మర్యాదస్తుడు. మొదటిసారి వెళ్ళిన నరసింగరావుకి టీ ఇచ్చాడు, కుర్చీ వేశాడు. "ఆ బొమ్మని ఒక్క వారం ఇప్పించండి" అనేసరికి మాత్రం, రోగి ఆపరేషను వద్దన్నప్పుడు చూసినట్టు జాలిగా చూశాడు.

"నాయనా, ఇది ఆటవస్తువు కాదు. నలభై మూడింట ఒక వంతు జాగ్వారు. ఇది ఇంతవరకు నేల మీద నడవలేదు. దీని పెట్టె కూడా మూల నలగలేదు. ఇంగ్లండులో ఇలాంటివి దాచుకునేవాళ్ళ సంఘం ఉంది, నేను మెంబర్ని. బయటికి పోనివ్వను."

"పోనీ ఇక్కడే కొల్సుకుంటానండి."

"నువ్వు ముట్టకూడదు. నేను కొలుస్తాను, నువ్వు రాసుకో. శనివారం రా. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో చూపు ఆనదు."

శనివారం అంటే శనివారమే ఎందుకో నరసింగరావుకి ఈనాటికీ తెలియదు. వెళ్ళాడు. సుందరరావు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. బీరువా తాళం తీశాడు. ఆస్పత్రి పట్టకారుకి దూది చుట్టి, పసిబిడ్డని ఎత్తినట్టు బొమ్మని ఎత్తి తెల్లగుడ్డ మీద పెట్టాడు. జామెట్రీ బాక్సులోంచి డివైడరు తీసి ఒక్కొక్క కొలతా చదివాడు. నరసింగరావు రాసుకున్నాడు. ఇంటికొచ్చి నలభై మూడు పెట్టి గుణించాడు. వెడల్పు చూస్తే కారు కంటే ముక్కు జానెడు ఎక్కువొచ్చింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఎత్తు చూస్తే డ్రైవరుకి రోడ్డు కనపడదు. మూడో శనివారం కూడా లెక్క ఎన్నిసార్లు సరిచూసుకున్నా ఏనుగు తొండమే వచ్చింది గాని జాగ్వారు ముక్కు రాలేదు.

అయిదోసారి వెళ్ళినప్పుడు వంగి, ముసలాయన చేతిలోని డివైడరు వంక తేరిపార చూశాడు. బొమ్మ రంగు గీసుకుపోకుండా దాని రెండు ముళ్ళకీ కూడా దూది చుట్టి ఉంది! ఆ దూది మందం నలభై మూడింతలై నెల రోజులుగా తన బతుకుతో ఆడుకుంటోంది.

"దూదా! దూదెట్టి కొలుస్తన్నారా?" అని అరిచాడు.

"మరి రంగు పోదూ?" అన్నాడు సుందరరావు శాంతంగా. "దూది తియ్యను నాయనా. ఇంక క్రిస్మస్ పనులున్నాయి, పండగ వెళ్ళాక రా."

ఆ మాట అనేసరికి డిసెంబరు పదో తారీకు. నరసింగరావు వచ్చి పద్మకుమారి దగ్గర కూలబడ్డాడు. ఆవిడ అంతా విని, "కొలతల మాట వదిలెయ్. చూసి చెయ్యగలిగినవాణ్ణి పట్టుకో" అంది. ఫిజిక్సు మేష్టరమ్మ కొలతలు వదిలెయ్యమందంటే ఆవిడ ఎంత విసిగిందో అర్థం చేసుకోవచ్చు.

చూసి చెయ్యగలిగినవాడు బూడితిలో ఉన్నాడు. ఎర్రన్న. ఆ ఊళ్ళో కంచరివాళ్ళు ఇత్తడీ కంచూ పని చేస్తారు. అందరూ చెంబులూ గంగాళాలూ చేస్తే ఎర్రన్న మాత్రం గ్రామదేవతలకి పండగల్లో పెట్టే మొహాలు చేస్తాడు. డెబ్బై ఏళ్ళు. నోట్లో చుట్ట ఆరితే తప్ప మాట పెగలదు.

"దేవతల మొకాలు సేసిన సేతులు బావూ ఇవి. సత్తు రేకు కొట్టమంటావేటి?" అన్నాడు అల్యూమినియం ముక్క చూసి.

"మొకం కాదు మావా, ఒట్టి ముక్కే."

"ఒట్టి ముక్కు నాను సెయ్యను. ముక్కొక్కటీ ఎవడికి గావాల? సేస్తే మొకం మొత్తం సేస్తాను."

నిజానికి కావలసిందీ అదే కాబట్టి నరసింగరావు పళ్ళు కొరుక్కుని ఒప్పుకున్నాడు. క్రిస్మస్ మాట పక్కన పెట్టి, చెప్పకుండా ఆరోసారి శ్రీకాకుళం వెళ్ళాడు, ఎర్రన్నని వెంటబెట్టుకుని. సుందరరావు గుమ్మంలోనే "చుట్ట పారేసి రా" అన్నాడు. ఎర్రన్న పారేసి వచ్చాడు. బీరువా అద్దానికి ఇవతలే నిలబడి, కొలతా గీతా లేకుండా, ముప్పావుగంట ఊరికే చూశాడు. ఒకసారి ఇటు తిప్పమన్నాడు, ఒకసారి అటు. సుందరరావు దూదిపట్టకారుతో తిప్పాడు. నరసింగరావుకి నెల రోజుల్లో నాలుగు మాటలు చెప్పని ఆ ముసలాయన, ఎర్రన్నకి మాత్రం బీరువాలో ముప్ఫై కార్లూ పేరు పేరునా చూపించాడు. ఇద్దరూ వియ్యంకుల్లా నవ్వుకున్నారు.

"బాగా సేసినాడు, ఎవడో గాని" అన్నాడు ఎర్రన్న చివరికి. "కళ్ళు మాత్రం తెరవలేదు. సుక్కలెట్టి ఒదిలీసినాడు. అందుకే బొమ్మయిపోనాది."

ఆ మాట నరసింగరావు చెవిన పడింది గాని బుర్రకి ఎక్కలేదు. అతని ధ్యాసంతా బస్సు టైము మీద ఉంది.

ఎర్రన్న రేకు పెట్టి కొట్టే తన దాగలీ సుత్తులూ తెచ్చుకుని విజయనగరంలో నరసింగరావు షెడ్డులోనే దిగాడు. దిగిన గంటకి గోనెపట్టాలు కట్టి షెడ్డు సగానికి అడ్డం పెట్టేశాడు. పని పూర్తయ్యేదాకా మొహం ఎవరూ చూడకూడదట. తన షెడ్డులో, తను అద్దె కడుతున్న షెడ్డులో, స్క్రూడ్రైవరు కావాలన్నా నరసింగరావు గోనె అవతల నిలబడి అడుక్కోవాల్సి వచ్చింది. తెల్లారింది మొదలు టకటక, టకటక. మధ్యాహ్నం ఒక కునుకు. మళ్ళీ టకటక. "ఎంతదాకా వచ్చింది మావా?" అంటే "వస్తాది" అని ఒకటే జవాబు.

పందెం ఇంకో పద్దెనిమిది రోజులుందనగా గోనె తొలిగింది.

నరసింగరావు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తలుపు అంచు దగ్గర పాత రేకూ కొత్త రేకూ కలిసిన చోట గోరు పట్టే సందు లేదు. రెండు బుగ్గలూ నిండుగా, మధ్యన సన్నటి నోరు, ఆ నోటికి నిలువు పళ్ళు. ఆరేళ్ళు తను తుడిచిన మొహమే. ఆ ముసలి చేతులు పట్టుకుందామనుకుని ఒక అడుగు వేశాడు. అప్పుడు కనిపించింది. హెడ్‌లైట్లు పెట్టాల్సిన చోట రెండు గుండ్రటి ఉబ్బులున్నాయి. నున్నగా, మూసి ఉన్నాయి.

"కన్నాలేవి?"

"కన్నాలేటి బావూ. కళ్ళను."

"సరే, కళ్ళేవి?"

"ఉన్నాయి గదా. మూసుకుని ఉన్నాయి."

"మరి తెరువు!"

"పుష్యమాసం గదేటి. పుష్యంల మొకానికి కళ్ళు తెరుస్తారేటి ఎవులైనా? మాఘం రానీ, రథసప్తమికి తెరుస్తాను. రథానికి అంతకన్నా మంచి రోజు ఉన్నాదేటి?"

నరసింగరావు పంచాంగం తెప్పించాడు. రథసప్తమి సోమవారం. పందెం దానికి ముందు రోజు ఆదివారం.

"అయితే పందెం ఓ రోజు ఎనక్కి ఎట్టమను" అన్నాడు ఎర్రన్న, చుట్ట వెలిగించుకుంటూ.

అక్కణ్ణించి నాలుగు రోజులు ఆ షెడ్డులో జరిగిన రభసకి పక్కనున్న టీకొట్టువాడికి బేరం రెట్టింపయింది. నరసింగరావు బతిమాలాడు. పురోహితుణ్ణి తెచ్చి, కారుకి పుష్యం అడ్డు రాదని చెప్పించాడు. "పంతులుగోరు పెళ్ళిళ్ళు సేయిత్తారు. మొకాలు సేస్తారేటి?" అన్నాడు ఎర్రన్న. ఏటి ఒడ్డున ఏ అమ్మోరి మొహమైనా చూడమన్నాడు. మాసం కాని మాసంలో కళ్ళు తెరిచిన మొహం ఏ ఊళ్ళోనైనా ఉందేమో చూపించమన్నాడు. ఆ శ్రీకాకుళం కంపౌండరు దూది చుట్టకపోతే మార్గశిరంలోనే పనయిపోయేది కదా అని నరసింగరావు సుందరరావుని కూడా అక్కణ్ణించే తిట్టాడు. లైట్లు లేని కారు కారే కాదన్నాడు. లైట్లు లేకుండా తన షెడ్డులోంచి ఇంతవరకు ఒక్క బండి బయటికి పోలేదన్నాడు.

అయిదో రోజు డ్రిల్లు పట్టుకుని నడిచాడు. ఎర్రన్న తుండుగుడ్డ పరిచి, బానెట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకి పడుకున్నాడు.

"నా మీంచి ఎయ్యి కన్నాలు" అన్నాడు.

అదే సమయానికి పద్మకుమారి కాలేజీ నుంచి రిక్షాలో వచ్చి దిగింది. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఆవిడ ఇద్దరి మాటా పూర్తిగా విని, కారు చుట్టూ తిరిగి, ఆ మూసిన కళ్ళ మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడింది.

"నరసింగరావ్, పందెం ఎన్నింటికి?"

"మద్యానం మూడింటికండి."

"అన్నయ్య పందెం తోలినప్పుడు ఈ లైట్లకి నువ్వేం చేసేవాడివి?"

నరసింగరావు డ్రిల్లు కింద పెట్టాడు. అద్దాలు పగిలి ట్రాకు మీద పడకుండా ఆరేళ్ళూ వాటికి అడ్డంగా టేపు అంటించింది తనే. ఆరేళ్ళూ ఆ లైట్లు షోలవరంలో ఒక్కసారీ వెలగలేదు. పట్టపగలు పందానికి దీపాలు కావాలని నాలుగు రోజులు ఊరు ఊరంతా ఏకం చేసినవాడు తను.

"టేపేసేవాణ్ణి" అన్నాడు నేల చూస్తూ.

"ఈసారి టేపు ఖర్చు కూడా లేదు" అంది పద్మకుమారి. "తాతా, లే. నువ్వూ మద్రాసు రా. సోమవారం పొద్దున్న అక్కడే తెరుద్దువు గాని."

మద్రాసుకి లారీలో కారుతోపాటు ఎర్రన్న కూడా ఎక్కాడు. మొహానికి పసుపు గుడ్డ కప్పి, మూడు రోజుల ప్రయాణంలోనూ దాని పక్కనుంచి కదల్లేదు.

షోలవరంలో గుడ్డ తీసేసరికి నలుగురూ మూగారు. అరవంలో ఏమంటున్నారో నరసింగరావుకి అర్థం కాకపోయినా, కళ్ళు మూసుకుని తడుముకుంటూ నడిచి చూపిస్తుంటే ఆ మాత్రం తెలిసింది. వాళ్ళ వంక స్పానరు ఊపాడు. జండా ఊగింది. తొమ్మిది కార్లు, ఎనిమిది చుట్లు. కళ్ళు లేని జాగ్వారు తొలి చుట్టులో ఎనిమిదోది. రెండో చుట్టుకి ఏడు. ప్రతిసారీ తన ముందునించి ఆ కారు రివ్వున పోతుంటే నరసింగరావు "గేరు! గేరు మార్చండి అమ్మాయిగారూ!" అని గొంతు చించుకున్నాడు. ఆవిడ అప్పటికే మార్చేసి ఉండేది. మలుపుల్లో అన్నగారు భయపడి కాలు తీసేసే చోట ఆవిడ తియ్యలేదు. అయిదో స్థానంలో ముగించింది.

కారాపి, కళ్ళద్దాలు తీసి, టైరుకి చేరబడి నేల మీదే కూర్చుంది. మొహం నిండా దుమ్ము.

"ఇంకో రెండు చుట్లుంటే నాలుగోవాణ్ణి పట్టేసేదాన్ని" అంది. "ఆరేళ్ళు నేను వదులుకున్నది ఇదా, నరసింగరావ్? ఊరికే ఆ గడియారం నొక్కుతూ కూర్చున్నానా!" అని ఏడ్చింది.

రేపు పొద్దున్న పదింటికి కారు వెళ్ళిపోతుంది. ఒక్క రోజు చాలంది, ఒక్క రోజూ అయిపోయింది. రుచి తెలియకముందే నయమేమో అనిపించింది నరసింగరావుకి. ముక్కు నిలబెట్టి ఆవిడకి మేలు చేశాడో, కీడు చేశాడో తేల్చుకోలేకపోయాడు. ఆ రాత్రి కూడా అన్నం సయించలేదు.

సోమవారం సూర్యోదయం వేళకి మద్రాసులో గణపతిరావు బంగళా పోర్టికోలోకి ఎర్రన్న తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి వచ్చాడు. కారు మొహానికి పసుపు రాశాడు, కుంకం పెట్టాడు. తెరుచుకున్న కన్ను ముందుగా మంచి మనిషిని చూడాలని పద్మకుమారిని ఎదురుగా నిలబెట్టాడు. సన్న ఉలి తీసి, సుత్తితో తట్టి తట్టి, కుడికన్ను గుండ్రంగా విడదీశాడు. రెండు గంటలు పట్టింది. ఎడమకంటి మీద ఉలి ఆనించబోతుండగా గేటు దగ్గర టాక్సీ ఆగింది.

కలకత్తా దొరబాబు మనిషి పదింటికి రావలసినవాడు ఎనిమిదిన్నరకే వచ్చాడు. బరంపురం వాడు, తెలుగొచ్చు. కోటు చేతిమీద వేసుకుని మెట్లెక్కి, పసుపూ కుంకం పూసిన జాగ్వారునీ, దాని కన్ను మీద ఉలి పెట్టి కూర్చున్న ముసలివాణ్ణీ చూసి బిగుసుకుపోయాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"కళ్ళు తెరుస్తన్నాను బావూ. ఒకటి అయిపోనాది."

గణపతిరావు లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు గాని ఆలస్యమయింది. కల్వర్టు సంగతి అతను అవతలివాళ్ళకి చెప్పలేదు. వచ్చినాయన వంగి, గోటితో రేకు కొట్టి చూసి, బానెట్టు ఎత్తి కింద సుత్తి దెబ్బల మచ్చలు చూశాడు.

"ఇది కంపెనీ మొహం కాదు. మా దొరగారు కారు ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే కావాలంటారు. బోల్టు మారితే పట్టేస్తారు. ఇదంతా తర్వాత కొట్టించిన పని, అసలుది కాదు."

అసలుది కాదు అన్న ముక్క నరసింగరావుకి నషాళానికి అంటింది. మూడు నెలలు, ఆరు బస్సులు, నాలుగు రోజుల యుద్ధం అన్నీ ఒక్కసారి పైకొచ్చాయి.

"అసలుది కాదా? ఏటి మాటాడతన్నారు మీరు! రండి, కొలవండి! ఆరేళ్ళు ఈ బండిని నేను తుడిసినాను. ఎక్కడ తేడా ఉన్నాదో సూపించండి!" అని టేపు తీసి ఆయన చేతిలో కుక్కాడు. బుగ్గలు కొలిపించాడు, నోరు కొలిపించాడు, తలుపు సందులో గోరు పెట్టి చూడమన్నాడు. దూది కథ కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి మొదట విసుక్కున్నా, రానురాను మెత్తబడ్డాడు. జేబులోంచి పుస్తకం తీసి తన దగ్గరున్న కొలతలతో సరిచూసుకున్నాడు.

"అరంగుళం కూడా తేడా లేదే! ఆశ్చర్యంగా ఉంది. దొరగారికి నేను నచ్చజెప్పగలననుకుంటాను" అన్నాడు. గణపతిరావు మొహం విప్పారింది.

సరిగ్గా అప్పుడు నరసింగరావు కాలి మీద ఒక చెప్పు పడింది. నిన్న యాక్సిలరేటరు తొక్కిన కాలే, అంతే బలంగా. తిరిగి చూస్తే పద్మకుమారి. "నోరు ముయ్యి" అంది పెదవులు కదపకుండా. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఆ కళ్ళు కారుని చూస్తున్నాయి.

నరసింగరావుకి అప్పటికి తెలిసింది తనేం చేస్తున్నాడో. ఆవిడ కారుని ఆవిడ కళ్ళముందే తనే బేరం పెట్టి అమ్ముతున్నాడు.

మాట వెనక్కి తీసుకోవాలి. ఎర్రన్న వింటుండగా తీసుకోవాలి. నరసింగరావు టేపు వెనక్కి తీసుకున్నాడు.

"ఏదో గొప్పకి అన్నాను గాని బాబూ..." అన్నాడు. "ఎందుకొచ్చిన పనండి ఇది. బూడితిలో సెంబులు సాగగొట్టుకునే ముసలోడి సేత కొట్టించినాను. సత్తు రేకు. పై ఎండాకాలానికి ఊడిపోతాది. మీ దొరగారికి మాటొస్తాది."

జన్మలో అంత చేదు మాట అనలేదు. వచ్చినాయన పుస్తకం మూసేశాడు, కోటు వేసుకున్నాడు. టాక్సీ గేటు దాటింది.

"దీన్ని ఇంకెవడు కొంటాడు!" అని గణపతిరావు చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. "ఒంటికన్ను బండి! నువ్వే ఉంచుకో, నువ్వే ఊరేగు!"

"సరే అన్నయ్యా" అంది పద్మకుమారి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

అప్పుడు ఎర్రన్న లేచాడు. ఉలి తుడిచి, సుత్తి తుడిచి, రెండూ గుడ్డలో చుట్టాడు.

"సెంబులు సాగగొట్టుకునేవోణ్ణా?"

"మావా, అది ఆ పెద్దమనిషిని పంపీడానికి..." నరసింగరావు రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవతల మొకం సేసినావు మావా. నా కళ్ళతో నేను సూసినాను. నీ కాళ్ళట్టుకుంటాను, సప్తమి దాటిపోకముందే ఆ రెండో కన్ను కూడా..."

"తెరవను" అన్నాడు ఎర్రన్న. "నాను తెరవను గాక తెరవను. ఆడెవడో బరంపురపోడి ముందరన్నావు. మళ్ళీ ఆణ్ణి పిల్సుకురా, ఆడి ముందర సెప్పు."

నరసింగరావు బతిమాలుతూనే ఉన్నాడు. గణపతిరావు అరుస్తూనే ఉన్నాడు. పద్మకుమారి స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. ఆరు సిలిండర్లూ ఒక్కసారి గొంతెత్తాయి.

"రా తాతా, ఎక్కు. పగలే నడుపుతాను. పొద్దుగూకేచోట ఆగిపోదాం. విజయనగరం ఎప్పుడు చేరితే అప్పుడే."

ఎర్రన్న గుడ్డమూట ఒళ్ళో పెట్టుకుని, నరసింగరావు వంక చూడకుండా, రెండో సీట్లో కూర్చున్నాడు. మూడో సీటు ఆ కారుకి లేదు. మెట్ల మీద నరసింగరావు తొక్కించుకున్న కాలు ఎత్తిపెట్టి నిలబడ్డాడు. రైలు టిక్కెట్టు తను కొనుక్కోవాలి, బూడితి పోయి ముసలాయన కాళ్ళు పట్టుకోవాలి. పక్కన గణపతిరావు తిడుతూనే ఉన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి నరసింగరావుకి ఎవరి మీదా కోపం రాలేదు.